ఇంట్లోనే బాగుచేసుకున్న ప్రీమియర్ పద్మిని: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

పాత ప్రీమియర్ పద్మినిని కొని ఇంటి దగ్గరే విప్పి కట్టుకోవాలనుకునేవారికి మొదట చెప్పవలసిన మాట ఒక్కటే: ఇంజిన్ శబ్దం విని కొనకండి, అడుగు రేకు చూసి కొనండి. 1978 నాటి పద్మినిని గుంటూరులో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నట్టు నట్టూ విప్పి, తిరిగి అమర్చి, ఎనిమిదేళ్లుగా ఎండలోనూ వానలోనూ నడుపుతున్నాను. రంగు ఆరిన కొత్తలో ఏ కారైనా బాగానే ఉంటుంది. చేసిన పనుల్లో ఏది నిలిచిందో, ఏది మళ్లీ చేయవలసి వచ్చిందో తెలియాలంటే కొన్ని వర్షాకాలాలు గడవాలి కనుక ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

ఇటలీలో రూపొందిన ఫియట్ 1100 కారును బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1964 నుంచి డిలైట్ పేరుతో తయారుచేసింది. అదే కారు 1970ల తొలినాళ్లలో ప్రెసిడెంట్ అయి, 1974లో పద్మిని అయింది. పేరు ఎన్నిసార్లు మారినా మన ఊళ్లలో దాన్ని ఫియట్ కారు అనే అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. 1089 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కనే ఉండే గేరు కడ్డీ, వెనుక చక్రాలకు శక్తి, దాదాపు 900 కిలోల బరువు, ఇదీ దాని స్వరూపం. ఇంట్లో పని చేసుకునేవారికి ఇంతకంటే అనువైన కారు మన దేశంలో మరొకటి లేదని నా నమ్మకం. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. 10, 13, 17 నంబరు పానాలు, మంచి జాకీ, గట్టి స్టాండ్లు, ఓపిక ఉంటే సగానికి పైగా కారు విప్పవచ్చు. అదే కాలపు అంబాసిడర్‌కైతే అంగుళాల లెక్క పానాలు విడిగా కొనుక్కోవాలి.

ఇక రేకు సంగతి. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసీ ఉండదు. అడుగు రేకు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి అంచులు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. అందువల్ల తలుపు కింది అంచు తుప్పు పట్టిందంటే చెడింది అందం కాదు, కారు వెన్నెముక. నేను కొన్న కారు బాపట్లలో సముద్రపు గాలికి చాలా ఏళ్లు ఉన్నది. ఇంజిన్ తాళం తిప్పగానే అందుకుంది, పైన రంగు కూడా నిగనిగలాడుతున్నది. నాతో వచ్చిన మేస్త్రీగారు మాత్రం ఇంజిన్ వైపు చూడనైనా చూడకుండా నేల మీద వెల్లకిలా పడుకుని, స్క్రూడ్రైవరు మొనతో జాకీ పెట్టే చోట నొక్కారు. మొన పిడిదాకా లోపలికి దిగిపోయింది, గుప్పెడు ఎర్రపొడి ఆయన చొక్కా మీద రాలింది. "ఇంజిన్‌దేముంది సార్, వారంలో కట్టేస్తాం. ఇది చూసి బేరమాడండి" అన్నారు. ఆ ఒక్క మాట మీదే ధర సగానికి దిగింది.

కొనేముందు మీరు కూడా ఇలాగే చూడవచ్చు. చిన్న అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి తలుపుల కింద, చక్రాల పైఅంచుల మీద జరుపుతూ పోతే, పుట్టీ దట్టంగా పూసిన చోట అది పట్టు వదిలేస్తుంది. పక్క నుంచి జాకీతో లేపినప్పుడు అటువైపు తలుపు సరిగా మూసుకోకపోతే లోపలి అంచులు సత్తువ కోల్పోయాయని అర్థం. ముందు సీటు కింద, బ్యాటరీ ఉండే చోట, డిక్కీలో స్టెప్నీ కింద తివాచీ ఎత్తి తప్పకుండా చూడాలి.

అంచులు కోసి కొత్త రేకు వేసే పనిలో ఒక క్రమం ఉంది. తలుపులు తీసేసి, ఆ ఖాళీలో ముందు స్తంభానికీ వెనుక స్తంభానికీ మధ్య ఇనుప కడ్డీలు అడ్డంగా అతికించిన తర్వాతే కోత మొదలుపెట్టాలి. అది కూడా ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. అలా చేయకపోతే కారు మధ్యలో కుంగిపోతుంది, ఆ తర్వాత తలుపు ఏనాటికీ సరిగా పడదు. మేము 18 గేజ్ రేకు వాడాము. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలుచటి రేకు వంకర పోతుంది కనుక, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడే) వెల్డింగ్ యంత్రం అద్దెకు తెచ్చి, చుక్క చుక్కగా దూరదూరంగా అతికించుకుంటూ, రేకు చల్లబడ్డాక మధ్య ఖాళీలు నింపించాను. వెల్డింగ్ మాత్రం పనివాడి చేతే చేయించాను. కోత, కొలత, అమరిక, గీకడం, ప్రైమర్ మావే. ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆ అడుగు రేకు సుత్తితో తడితే ఖంగుమంటోంది. మళ్లీ తుప్పు కనిపించింది ఒక్క చోటే, ఎడమ ముందు ఫెండరులో హెడ్‌లైటు వెనుక. చక్రం చిమ్మే బురద అక్కడ గూడులా పేరుకుని, వాన వెలిసిన వారానికి కూడా తడి ఆరదు. ఇప్పుడు వర్షాకాలంలో నీటి పైపుతో ఆ మూల కడగడం అలవాటు చేసుకున్నాను. తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలలో ఆకులు, దుమ్ము చేరి మూసుకుపోతే తలుపు లోపలి నుంచే కుళ్లుతుంది. ఏడాదికి రెండుసార్లు సన్నని తీగతో వాటిని పొడవడం అర్ధగంట పని, చాలా ఖర్చును తప్పిస్తుంది.

ఇంజిన్ విషయంలో ఇంట్లో చేయదగిన పని, లేత్ షెడ్డుకు పంపవలసిన పని స్పష్టంగా వేరు చేసుకోవాలి. సిలిండర్ల బోరు (అరిగిన లోపలి గోడలను సమంగా కోయడం), క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును సానబట్టడం) విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. అక్కడ పాత ఇంజిన్ల మీద చేయి తిరిగినవారు ఇంకా ఉన్నారు. వాల్వులు మాత్రం ఇంట్లోనే అరగదీశాను. వాల్వు అంచుకు గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రతో అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి పావు చుట్టు జరుపుతూ ఉండాలి. కాసేపటికి గరగరమనే శబ్దం మెత్తబడి, వాల్వు మీదా దాని గద్దె మీదా తెగిపోని బూడిదరంగు వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలో వెంట్రుకంత నల్లటి గీత మిగిలినా మళ్లీ పేస్టు రాయవలసిందే. చివరికి హెడ్‌ను, అంటే వాల్వులు ఉండే సిలిండర్ల పైమూతను, తలకిందులుగా పెట్టి పెట్రోలు పోసి, ఒక రాత్రి గడిచినా కింద చెమ్మ కనపడకపోతే పని కుదిరినట్టు. ఈ ఇంజిన్‌కు బ్లాకు పోత ఇనుముది, హెడ్ అల్యూమినియంది. బోల్టులు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా, బిగువు కొలిచే టార్క్ పానాతోనే బిగించాలి. అలా బిగించిన హెడ్ గ్యాస్కెట్ నాకు ఈ రోజు వరకు ఇబ్బంది పెట్టలేదు.

మైలేజీ ఊరి బయట లీటరుకు పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ వస్తోంది. గంటకు 60 నుంచి 70 కిలోమీటర్ల మధ్య కారు హాయిగా, ఒకే స్వరంతో సాగుతుంది. అంతకు మించి వెళ్లగలదు గానీ, ఆ వేగంలో బ్రేకుల మీద నాకు భరోసా లేదు కనుక వెళ్లను. 20డబ్ల్యూ-50 ఆయిల్ వాడుతున్నాను, కిలోమీటర్లు తక్కువే తిరిగినా ఏడాదికొకసారి మారుస్తాను.

మన ప్రాంతంలో పద్మినికి అసలు పరీక్ష మే నెల. పెట్రోలు పంపు ఇంజిన్ పక్కనే అమర్చి ఉంటుంది. మంగళగిరి దగ్గర ట్రాఫిక్‌లో మిట్టమధ్యాహ్నం నిలబడితే పంపులోని పెట్రోలు ఆవిరిగా మారి, కార్బురేటరుకు చేరక ఇంజిన్ ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగడం పాతకాలపు డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యం, అది ఇప్పటికీ పనిచేస్తుంది. శాశ్వత ఉపాయంగా నేను చేసినవి మూడు: రేడియేటరు విప్పించి లోపలి గొట్టాలలో కడ్డీ పోయించి శుభ్రం చేయించడం, పెట్రోలు గొట్టాన్ని సైలెన్సరు వేడికి దూరంగా మళ్లించడం, పంపుకూ బ్లాకుకూ మధ్య వేడిని ఆపే దిమ్మను కొత్తది వేయడం. వీటి తర్వాత తడిగుడ్డ అవసరం చాలా అరుదుగా పడుతోంది.

దీనికి ఈ మధ్య మరో చిక్కు తోడైంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పద్మిని పుట్టిన నాటి రబ్బరు భాగాలు దానికి తట్టుకోవు. పంపులోని పొర ఉబ్బింది, రబ్బరు గొట్టాలు లోపల మెత్తబడి నల్లటి పొట్టు రాల్చాయి, అది కార్బురేటరు జెట్‌లో అడ్డుపడింది. ఇథనాల్‌కు తట్టుకునే విటాన్ రకం గొట్టాలు వేయించాక ఆ బాధ తగ్గింది. కానీ ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కారు కదలకుండా ఉంటే ట్యాంకులో నీరు చేరి తుప్పుకు దారి తీస్తుంది. కారు నిలిపి ఉంచే రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచడం, పదిహేను రోజులకొకసారి ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పడం తప్పనిసరి అని నా అనుభవం.

బ్రేకుల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. నా కారులో మాస్టర్ సిలిండరు ఒకే గదిది. అంటే ఎక్కడ ఒక్క రబ్బరు కప్పు చిరిగినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అందుకే బ్రేకుల పనిలో పాత భాగాన్ని సరిపెట్టుకోవడం అనే మాటకు చోటు ఇవ్వలేదు. గొట్టాలు, కప్పులు, చక్రాల సిలిండర్లు అన్నీ కొత్తవే వేశాను. బ్రేకు ద్రవం రెండేళ్లకొకసారి మొత్తం మారుస్తాను. హ్యాండ్ బ్రేకు వాలులో కారును పట్టి ఆపేటంత బిగువుగా ఎప్పుడూ ఉంచుతాను, ఎందుకంటే అవసరానికి మిగిలేది అదొక్కటే.

ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులకు గ్రీజు సకాలంలో పడితే స్టీరింగ్ తేలికగా, నిటారుగా ఉంటుంది. నేను రెండు వేల కిలోమీటర్లకొకసారి గ్రీజు గన్నుతో పాతది బయటికి వచ్చేవరకు కొడతాను. వెనుక కమాను పట్టీలు కొత్తగా వంపు తీయించాను, నలుగురు కూర్చున్నా అడుగు తగలడం లేదు. స్టీరింగ్ పక్క గేరు కడ్డీకి ఇరుసుల్లోని బుష్షులు అరిగితే గేరు ఎక్కడ పడుతుందో తెలియదు. లేత్ మీద ఇత్తడి బుష్షులు తిప్పించి వేశాక ఆ అయోమయం పూర్తిగా పోయింది. మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖం ఇచ్చింది ఇదేనని చెప్పగలను.

కరెంటు పని క్లుప్తంగానే చెబుతాను. వైర్లు మొత్తం కొత్తవి లాగాను, హెడ్‌లైట్లకు రిలేలు (స్విచ్చు బదులు కరెంటు భారం మోసే భాగాలు) పెట్టాను, వెలుగు రెట్టింపయినట్టు అనిపించింది. ప్లగ్గులకు నిప్పురవ్వ సమయానికి అందించే పాతకాలపు డిస్ట్రిబ్యూటరు పాయింట్లు అలాగే ఉంచుకున్నాను. ఆ పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్లు ఇప్పుడు కొత్తగా దొరుకుతున్నవాటి నాణ్యత మాత్రం నమ్మదగినట్టు లేదు. ఒకటి ఎప్పుడూ డ్యాష్‌బోర్డులో సిద్ధంగా ఉంటుంది. సీట్లకు రెక్సిన్, పైకప్పు లోపలి గుడ్డ బయట కుట్టించాను, అందులో విశేషమేమీ లేదు.

విడిభాగాల పరిస్థితి రెండు రకాలుగా ఉంది. పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు, బ్రేకు కప్పులు, క్లచ్ ప్లేటు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ధరలూ అందుబాటులోనే ఉన్నాయి. బొంబాయిలో నలుపు పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి. అన్ని దశాబ్దాలు అవి తిరిగినందువల్లనే కుర్లా ప్రాంతపు దుకాణాల్లో భాగాలు పుష్కలంగా ఉండేవి, ఇకపై ఆ నిల్వలు తరగడమే గానీ పెరగవు. గ్రిల్లు, లైట్ల చుట్టూ ఉండే మెరుగు పట్టీలు, ముందు అద్దం చుట్టూ రబ్బరు, తలుపు పిడులు, స్టీరింగ్ పెట్టెలోని పళ్ల భాగాలు ఇప్పటికే కష్టంగా ఉన్నాయి. చెన్నైలోని పుదుపేట పాత సామాన్ల బజారులో ఓపికగా వెదికితే కొన్ని దొరికాయి. కొనబోయే కారులో ఇంజిన్ చెడిపోయి ఉన్నా పర్వాలేదు, ఈ మెరుగు సామాను పూర్తిగా ఉందో లేదో చూసుకోండి.

కాగితాల పని కూడా ముందే ఆలోచించాలి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకొకసారి ఆర్టీఓ కార్యాలయంలో తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేసుకునే వీలుంది, కానీ అలా చేస్తే ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా నడపడానికి లేదు. నా కారుకు ఆ వయసు వచ్చినా నేను ఆ దారిలో వెళ్లను. పాత ఆర్‌సీ పోయిన కారు ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. రేకును కోసి అతికించవచ్చు, ఇంజిన్‌ను బోరు కొట్టించవచ్చు, ఆర్‌సీ లేని కారును మాత్రం షెడ్డు దాటించలేము.

ప్రస్తుతానికి నా దగ్గర మిగిలిన పని స్టీరింగ్ పెట్టె ఒక్కటే. స్టీరింగ్ చక్రం మధ్యలో రెండు వేళ్ల వెడల్పు ఖాళీ తిరుగుతోంది, సర్దుబాటు మరకు ఇక పట్టు మిగల్లేదు. అరగని పాత పెట్టె దొరికితే వేయాలి, లేదా ఆటోనగర్‌లో పళ్లు కొత్తగా కోయించాలి. రెండో దారికి కొటేషన్ తీసుకున్నాను, ఈ వేసవి దాటాక కారును మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కిస్తాను.