రాయగడ, జయపురం, బరంపురం వైపు తల్లిదండ్రులకు హెచ్చరిక: 40 గంటల హెలికాప్టర్ ప్యాకేజీకి ముందే మొత్తం డబ్బు కట్టకండి

రాయగడ, జయపురం, పర్లాకిమిడి, బరంపురం హోటళ్లలో మీటింగులు పెట్టి హెలికాప్టర్ పైలట్ శిక్షణ ప్యాకేజీలు అమ్ముతున్నారు. "40 గంటల్లో పీపీఎల్ (ప్రైవేటు పైలట్ లైసెన్సు), బస, భోజనం, పరీక్ష ఫీజులు అన్నీ కలిపి ఒకే రేటు, ఈ వారంలో కడితే తగ్గింపు." మాటలన్నీ తెలుగులో, మనవాళ్లమే అన్నట్టు సాగుతాయి. సంతకం పెట్టే ఒప్పందం మాత్రం ఇంగ్లీషులో పన్నెండు పేజీలు. మొత్తం ముందే కట్టేసిన కుటుంబాలు ఇప్పుడు ఇరుక్కుపోయి ఉన్నాయి. పిల్లల గంటలు సగంలో ఆగాయి, హెలికాప్టర్ ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి వెళ్లింది, డబ్బు తీసుకున్న ఏజెంటు "స్కూలును అడగండి" అంటాడు, స్కూలు "మాకు అంత ముట్టలేదు" అంటుంది. పేర్లు ఇక్కడ రాయడం లేదు. బోర్డు మార్చుకుని మళ్లీ వచ్చేవాళ్లను పట్టుకోవాలంటే పేరు కన్నా పద్ధతి తెలిసి ఉండటం ముఖ్యం.

ముందు 40 గంటల సంగతి. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు అది కనీస అర్హత మాత్రమే. అంతటితో పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు తక్కువ. హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలబడటానికే చాలామందికి 8 నుంచి 12 గంటలు పడుతుంది, మధ్యలో వారం గ్యాప్ వస్తే రెండు గంటలు వెనక్కి పోతుంది. 55 నుంచి 70 గంటలకు డబ్బు లెక్క వేసుకోండి. ఒప్పందంలో "40 దాటిన ప్రతి గంటకు అప్పటి రేటు" అని ఉంటే ఆ రేటు అంకెల్లో రాయించుకోండి. ప్యాకేజీలో గంట చవకగా చూపించి 41వ గంట నుంచి దాదాపు రెట్టింపు వసూలు చేసిన ఒప్పందాలు ఉన్నాయి.

అసలు గంట అంటే ఏమిటి? మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. హెలికాప్టర్‌లో గంటల మీటరు రెండు రకాలుగా కలిపి ఉండొచ్చు. ఒకటి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ రాగానే తిరుగుతుంది, మరొకటి కలెక్టివ్ (యంత్రాన్ని పైకి లేపే చేతి లివరు) ఎత్తినప్పుడే తిరుగుతుంది. శిక్షణకు వాడే రెండు సీట్ల రాబిన్‌సన్ ఆర్22లో స్టార్టు చేశాక క్లచ్ వేసి బెల్టులు బిగిసి దీపం ఆరేదాకా ఆగాలి, ఆయిల్, సిలిండర్ వేడి పచ్చగీతలోకి రావాలి, 75 శాతం వేగం దగ్గర మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి) చూడాలి, స్ప్రాగ్ క్లచ్ (ఇంజిన్ ఆగినా పై రెక్కలను తిరగనిచ్చేది) చూడాలి, రెక్కల వేగం తగ్గితే హెచ్చరించే లో ఆర్‌పీఎం హారన్ మోగుతోందో చూడాలి. దిగాక ఇంజిన్ చల్లబడనివ్వాలి. రెండూ కలిపి ఒక పాఠానికి 12 నిమిషాలు, అంటే 0.2 గంట తేలిగ్గా పోతుంది. గంట చొప్పున 40 పాఠాలకు ఆయిల్ ప్రెషర్ మీటరుతో బిల్లు వేస్తే 8 గంటలు నేల మీదే కరిగిపోతాయి.

ఇందులో న్యాయం ఎంతో కూడా చెప్పాలి. అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం హెలికాప్టర్ ఫ్లైట్ టైమ్ రోటరు (పై రెక్కలు) తిరగడం మొదలైనప్పటి నుంచి ఆగేదాకా. కాబట్టి రోటరు తిరిగిన సమయానికి బిల్లు వేయడం తప్పు కాదు. బిల్లు ఒక మీటరుతో వేసి లాగ్‌బుక్ ఇంకో మీటరుతో రాయడమే మోసం. డబ్బు 1.2 గంటలకు పోతుంది, పిల్లవాడి పుస్తకంలో 0.9 పడుతుంది. "బిల్లుకూ లాగ్‌బుక్‌కూ ఒకే మీటరు, ప్రతి పాఠానికి ముందు, తర్వాత అంకె ఇద్దరూ రాసి సంతకం చేయాలి" అన్న వాక్యం ఒప్పందంలో చేర్పించండి. మీటరులో చివరి అంకె 6 నిమిషాలకు ఒకటి మారుతుంది. ప్రతిసారి ఫోనులో ఫొటో తీయమని పిల్లలకు చెప్పండి. సిమ్యులేటర్ గంటలను విడిగా రాయించండి. అంతర్జాతీయ ప్రమాణంలో పీపీఎల్‌కు గరిష్ఠంగా 5 గంటలే లెక్కలోకి వస్తాయి, ప్యాకేజీలో 10 చూపిస్తే మిగతా 5 గంటల డబ్బు వృథా.

ఏజెంటు బరువు గురించి ఎత్తడు. ఆర్22 మొత్తం బరువు పరిమితి 621 కిలోలు. ఖాళీ యంత్రం దాదాపు 395 కిలోలు. మిగిలేది 226. 85 కిలోల ఇన్‌స్ట్రక్టరు, 90 కిలోల విద్యార్థి కూర్చుంటే ఇంధనానికి 51 కిలోలు, అంటే సుమారు 70 లీటర్లు, రెండు గంటల పైమాట. ఇన్‌స్ట్రక్టరు 95, విద్యార్థి 105 అయితే మిగిలేది 26 కిలోలు, 36 లీటర్లు. గంటకు 30 నుంచి 35 లీటర్లు తాగే ఇంజిన్‌కు అది రిజర్వు కూడా మిగలని గంట. పైగా ఒక్కో సీటు కింద పెట్టిన సామానుతో కలిపి 109 కిలోలు దాటకూడదు. అందుకే బరువైన కుర్రాళ్లను డబ్బు కట్టాక "మీకు ఆర్22 కుదరదు, నాలుగు సీట్ల ఆర్44 తీసుకోవాలి" అని మళ్లిస్తారు, దాని గంట రేటు చాలా ఎక్కువ. బరువు ముందే చెప్పి, ఏ మోడల్‌లో ఎన్ని గంటలో కాగితం మీద పెట్టించండి. "ఆర్22 లేదా సమానమైనది" అన్న మాటను కొట్టేయించండి.

స్కూల్లో ఎన్ని యంత్రాలున్నాయన్నదాని కన్నా ఎన్ని ఎగురుతున్నాయన్నది అడగండి. ఆర్22కు 2,200 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందు వస్తే అప్పుడు ఓవర్‌హాల్ తప్పదు. అది నెలల పని. ఉన్న ఒక్క యంత్రం 2,150 దగ్గర ఉంటే మీ 40 గంటలు మధ్యలో ఆగిపోతాయి. గంటలు తక్కువే తిరిగినా 12 ఏళ్ల గడువు ముందే వచ్చేయొచ్చు, కాబట్టి తయారైన తేదీ, చివరి ఓవర్‌హాల్ తేదీ కూడా చూడాలి. ప్రతి 100 గంటలకు తనిఖీ ఉంటుంది, అది ఎక్కడ చేస్తారో, ఎన్ని రోజులు పడుతుందో అడగండి. మన వైపు ఒక సౌకర్యం ఉంది. సునాబెడాలో హెచ్‌ఏఎల్ ఇంజిన్ డివిజన్‌లో పనిచేసి రిటైరైన పెద్దలు చాలామంది మన ఇళ్ల పక్కనే ఉన్నారు. వాళ్లు చూసింది జెట్ ఇంజిన్లు, అయినా లాగ్ కార్డులో మిగిలిన గంటలు, వాయిదా వేసిన లోపాలు చదవడం వాళ్లకు చేతిలో పని. వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. లాగ్ చూపించను అన్న స్కూలుకు రూపాయి కట్టకండి.

ఇంధనం గురించి కూడా అడగాలి. ఈ చిన్న హెలికాప్టర్లకు కావలసింది ఏవీగ్యాస్ 100ఎల్‌ఎల్, విమానాశ్రయాల్లో దొరికే జెట్ ఇంధనం కాదు. 2022లో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారీ మొదలుపెట్టేదాకా దేశం అంతా దిగుమతి మీదే నడిచింది. డ్రమ్ములు అయిపోయి రోజుల తరబడి శిక్షణ ఆగడం మామూలే. ప్యాకేజీకి "90 రోజుల గడువు" పెట్టి అది డబ్బు కట్టిన రోజు నుంచి లెక్కిస్తారు. జ్యేష్ఠంలో కట్టారంటే వానాకాలం అంతా అందులోనే పోతుంది, ఈ హెలికాప్టర్లు కంటికి కనిపించే వాతావరణంలోనే ఎగరాలి కదా. గడువు మొదటి పాఠం నుంచి లెక్కించాలి, యంత్రం, ఇంధనం, వాతావరణం వల్ల పోయిన రోజులు కలపాలి.

"పది గంటల్లో సోలో (ఒంటరిగా ఎగరడం)" అన్న మాట వినగానే జాగ్రత్తపడండి. అమెరికాలో ఆర్22 మీద కొత్త విద్యార్థి సోలోకు ముందు కనీసం 20 గంటలు ఇన్‌స్ట్రక్టరుతో ఎగరాలని ఎస్‌ఎఫ్‌ఏఆర్ 73 నిబంధన చెబుతోంది. అమెరికా స్కూలు అమ్మే ఏజెంటుకు ఇది తెలియకపోతే అతను అమ్ముతున్న సరుకే అతనికి తెలియదు. ఆ నిబంధన ఊరికే రాలేదు. ఆర్22 రోటరు తేలిక, ఇంజిన్ ఆగితే ఒక సెకను అటూ ఇటూగా కలెక్టివ్ దించకపోతే రోటరు వేగం తిరిగి రాదు. ఆపరేటింగ్ హ్యాండ్‌బుక్ చివరి భాగంలోని సేఫ్టీ నోటీసులు, ముఖ్యంగా లో-జీ (గాల్లో బరువు తేలిపోయినట్టయ్యే స్థితి) గురించిన 11, రోటరు స్టాల్ (వేగం తగ్గి రెక్కలు యంత్రాన్ని మోయలేకపోవడం) గురించిన 24, డబ్బు కట్టేముందే చదివించండి. ఆటోరొటేషన్లు (ఇంజిన్ శక్తి లేకుండా దిగే సాధన) ఎన్నిసార్లు చేయిస్తారో సిలబస్‌లో చూడండి. బ్లేడ్లు, స్కిడ్లు అరుగుతాయని ఆ సాధన తగ్గించేసే స్కూళ్లు పిల్లల ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే.

తిరిగొచ్చి ఇక్కడి కొండల్లో ఎగరాలనుకునేవాళ్లకు ఇంకో లెక్క. కోరాపుట్ ఎత్తు దాదాపు 2,900 అడుగులు. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. ఎండాకాలంలో 35 ఉంటే తేడా 26, వేడికి గాలి పలచబడుతుంది కాబట్టి డిగ్రీకి 120 అడుగుల చొప్పున మరో 3,100. అంటే యంత్రానికి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. సముద్రమట్టం దగ్గర చలికాలంలో మాత్రమే నేర్చుకున్నవాడికి ఇక్కడ హోవర్‌లో పవర్ మిగలదు. రన్నింగ్ టేకాఫ్ (నేల మీద జారుతూ లేవడం), నిటారు అప్రోచ్ (నిటారుగా దిగడం), పవర్ చెక్ సిలబస్‌లో ఉండాలి.

విదేశీ ప్యాకేజీల్లో వీసా మోసం వేరే. అమెరికాలో పైలట్ కోర్సుకు ఐ-20 (వీసాకు కావలసిన ప్రవేశ పత్రం) ఇచ్చే అధికారం ఉన్న స్కూలు, దానితో ఎం-1 వంటి విద్యార్థి వీసా కావాలి, విదేశీయులకు అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి కూడా కావాలి. "టూరిస్టు వీసా మీద వెళ్లి చేసేయొచ్చు" అన్నవాడిని నమ్మకండి. అక్కడి లైసెన్సుతో ఇక్కడి వీటీ రిజిస్ట్రేషన్ (భారత్‌లో నమోదైన) హెలికాప్టర్ నేరుగా నడపలేరు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర లైసెన్సు మార్పిడి, ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్ష, రేడియో లైసెన్సు ఖర్చు "అన్నీ కలిపి"లో ఉన్నాయో లేదో చూడండి. పీపీఎల్‌తో జీతం తీసుకుని ఎగరకూడదు, దానికి కమర్షియల్ లైసెన్సు కావాలి. పీపీఎల్ చేయగానే చార్‌ధామ్‌లో ఉద్యోగం అని చెప్పడం పచ్చి అబద్ధం.

వరస ఇలా పెట్టుకోండి. ముందు డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత స్కూలు డీజీసీఏ ఆమోదిత జాబితాలో ఉందో, ఆ ఆమోదం హెలికాప్టర్‌కేనా, విమానానికా అన్నది చూడటం. తర్వాత ఒక గంట డబ్బు కట్టి ఒక పాఠం ఎగరడం. ఆ తర్వాతే ఒప్పందం. ఐదు గంటలకు మించి ముందస్తు వద్దు, డబ్బు స్కూలు ఖాతాకే వెళ్లాలి, ఏజెంటు సొంత ఖాతాకు కాదు. బ్యాంకు అప్పయితే విడతలుగా విడుదల చేయమనండి. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద సంస్థ ఉన్నట్టుండి మూసేసి దివాలా తీసింది. అప్పు తెచ్చి దాదాపు 70 వేల డాలర్లు ముందే కట్టిన విద్యార్థులకు శిక్షణ పోయింది, అప్పు మిగిలింది. పెద్ద స్కూలైతే భయం లేదనుకోవడానికి వీల్లేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఫోన్లలో బతిమాలడం ఆపి, మిగిలిన గంటలెన్నో, వాపసు ఎంతో అడుగుతూ స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో రాయండి. రసీదులు, బ్రోచరు, మీటింగు ఆహ్వానం, వాట్సాప్ మాటలు, మీటరు ఫొటోలు, లాగ్‌బుక్ నకళ్లు ఒకచోట పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఏజెంటు ఆఫీసు విశాఖలో ఉన్నా భువనేశ్వర్‌లో ఉన్నా అక్కడికి తిరగనక్కర్లేదు. కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో వేయాలి. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు. "వచ్చే నెల మొదలుపెడతాం" అన్న వాయిదాలు ఆ రెండేళ్లను తినేస్తాయి, కాబట్టి ప్రతి వాయిదాకూ తేదీతో లిఖితపూర్వక జవాబు అడగండి. ఒకే ప్యాకేజీ కొన్న కుటుంబాలు కలిసి వెళ్తే ఏజెంటు ఎవరికి ఏం చెప్పాడో పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.