విజయ్ హజారే ట్రోఫీ 2024-25: సగటు కంటే ఆట గొప్పగా ఉన్న సీజన్

ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు ఆటగాళ్ల లెక్కలోకి రాదు. ఆటను మన దాకా చేర్చిన ఏర్పాట్లకే అది చెందుతుంది. 2024 డిసెంబర్ 21న మొదలై 2025 జనవరి 18న ముగిసిన ఈ యాభై ఓవర్ల దేశవాళీ టోర్నీని కొంత విజయనగరం మైదానంలో, కొంత ఫోనులో, మిగతాదంతా స్కోరుకార్డుల్లో వెంబడించాను. క్లబ్ మ్యాచ్‌లకు స్కోరు రాసే అలవాటు ఉంది నాకు. అందుకే సిక్సర్లకంటే ముందు సింగిల్స్‌ మీదికి పోతుంది నా చూపు. యాభై ఓవర్ల ఆట అసలు రుచి అక్కడే ఉందని నమ్ముతాను. ఈ సీజన్ ఆ నమ్మకాన్ని బాగా నిలబెట్టింది.

మొదటి రోజే విందు. అహ్మదాబాద్‌లో ముంబై 4 వికెట్లకు 382 పరుగులు చేసింది. శ్రేయస్ అయ్యర్ 55 బంతుల్లో 114 నాటౌట్. అంత స్కోరును చూస్తే ఏ జట్టయినా బెదరాలి. కర్ణాటక మాత్రం 46.2 ఓవర్లలో, ఏడు వికెట్లు చేతిలో ఉండగానే ఛేదించేసింది. వికెట్ కీపర్ కృష్ణన్ శ్రీజిత్ 101 బంతుల్లో 150 కొట్టి అజేయంగా నిలిచాడు. ఆ పేరును గుర్తుంచుకోండి, ఫైనల్లో మళ్లీ వస్తుంది. అదే రోజు హైదరాబాద్‌లో బీహార్ తరఫున పదమూడేళ్ల వైభవ్ సూర్యవంశీ లిస్ట్-ఎ క్రికెట్‌లో, అంటే పెద్దల స్థాయి వన్డే ఆటలో, అడుగు పెట్టాడు. చేసింది నాలుగు పరుగులే అయినా ఆ వయసులో ఆ మెట్టెక్కిన భారతీయుడు అంతకుముందు లేడు.

అదే రోజున ఈ టోర్నీ బలహీనత కూడా బయటపడింది. అరుణాచల్ ప్రదేశ్ 164కు ఆలౌటైతే పంజాబ్ 12.5 ఓవర్లలో ముగించింది. అన్‌మోల్‌ప్రీత్ సింగ్ 35 బంతుల్లో సెంచరీ చేశాడు. లిస్ట్-ఎలో భారత బ్యాటర్లందరిలోకీ అప్పటికి అదే వేగవంతమైనది. రికార్డు రికార్డే, కాదనను. కానీ 38 జట్లను ఐదు గ్రూపుల్లో కలిపేసి, అన్నింటినీ ఒకే కొలతతో తూస్తే ఎవరికీ మేలు జరగదు. ఓడినవాడు నేర్చుకునేంతసేపు క్రీజులో ఉండడు, గెలిచినవాడికి పరీక్షే ఉండదు. డిసెంబర్ 31న పదిహేడేళ్ల ఆయుష్ మ్హాత్రే నాగాలాండ్ మీద 181 కొట్టినప్పుడూ ఇదే అనిపించింది. కుర్రాడి ప్రతిభ నిజం, ఎదుటి బౌలింగ్ మాత్రం ఆ ప్రతిభకు తగినది కాదు. మరుసటి సీజన్‌లో బలహీన జట్లు విడిగా ఆడే ప్లేట్ విభాగాన్ని మళ్లీ తెచ్చారు. మంచి పని చేశారు.

ఇక విజయనగరం సంగతి. విదర్భ ఆడిన గ్రూప్ డి మ్యాచ్‌లు మా ప్రాంతానికే వచ్చాయి. జనవరి 3న డాక్టర్ పి.వి.జి.రాజు ఏసీఏ క్రీడా ప్రాంగణంలో విదర్భ, ఉత్తరప్రదేశ్ తలపడ్డాయి. దేశవాళీ మ్యాచ్‌లు చూడటంలో ఉన్న సుఖం అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. జనం పలుచన కాబట్టి ఆట వినిపిస్తుంది. బంతి బ్యాట్ మధ్యలో తగిలిందో, అంచున తగిలిందో చూడకముందే చెవికి అందుతుంది. నాన్-స్ట్రైకర్ ‘వద్దు, వద్దు’ అని వెనక్కి పంపడం, కవర్స్‌లో నిలబడ్డవాడు బౌలర్‌ను ఉత్సాహపరచడం, అన్నీ స్పష్టంగా వినిపిస్తాయి. టీవీలో కామెంటరీ కప్పేసే సంగతులివన్నీ.

సమీర్ రిజ్వీ సెంచరీతో ఉత్తరప్రదేశ్ 307 చేసింది. విదర్భ కెప్టెన్ కరుణ్ నాయర్ క్రీజులోకి వచ్చేసరికి ఆ టోర్నీలో అతన్ని ఒక్క బౌలరూ ఔట్ చేయలేదు. జమ్మూకశ్మీర్‌పై 112, ఛత్తీస్‌గఢ్‌పై 44, చండీగఢ్‌పై 163, తమిళనాడుపై 111, అన్నీ అజేయమే. ఆ రోజు నేను అతని చేతులకంటే పాదాలను ఎక్కువగా గమనించాను. స్పిన్నర్ బంతిని గాల్లోకి వదిలాడంటే అతని పాదం రెండు నిర్ణయాల్లో ఒకటే తీసుకునేది: పూర్తిగా ముందుకు, లేదంటే పూర్తిగా వెనక్కి. మధ్యలో చిక్కుకోలేదు. వెనక్కి వెళ్లినప్పుడు బంతిని దాదాపు స్టంప్స్ దగ్గరికి రానిచ్చి థర్డ్‌మ్యాన్ వైపు మెల్లగా తోసేవాడు. ఫీల్డర్‌ను అక్కడికి జరిపితే, ఖాళీ అయిన చోటుకు స్వీప్. బలం ఉపయోగించిన షాట్లు తక్కువే, పరుగులు మాత్రం ఆగలేదు. స్కోరు పుస్తకంలో అతని గడిలో పరుగు రాని బంతికి పెట్టే చుక్కలు వరుసగా పడవు, మధ్యమధ్యలో ఒకట్లు వచ్చి కూర్చుంటాయి.

112 దగ్గర అటల్ బిహారీ రాయ్ బౌలింగ్‌లో ఔటయ్యాడు. అప్పటికి ఔట్ కాకుండా చేసిన పరుగులు 542కు చేరాయి. న్యూజిలాండ్ ఆటగాడు జేమ్స్ ఫ్రాంక్లిన్ 2010లో నెలకొల్పిన 527 రికార్డు చెరిగిపోయింది. అవతలి వైపు యశ్ రాథోడ్ 138తో అజేయంగా ఉండి విదర్భను ఎనిమిది వికెట్ల తేడాతో గెలిపించాడు. ఆ మాట ఎక్కువమంది చెప్పుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

టోర్నీ ముగిసేసరికి కరుణ్ ఖాతాలో 779 పరుగులు, ఐదు సెంచరీలు, 389.50 సగటు. ఈ చివరి అంకెనే అందరూ పట్టుకున్నారు. నాకు అది నచ్చలేదు. ఎనిమిది ఇన్నింగ్స్‌లో రెండుసార్లే ఔటైతే, 779ని రెండుతో భాగిస్తే వచ్చేది అదే. అంకె అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆడిన తీరు గురించి ఏమీ చెప్పడం లేదు. అతని గొప్పతనం తెలియాలంటే జనవరి 16న మహారాష్ట్రతో జరిగిన సెమీస్ చూడాలి. ధ్రువ్ షోరే, యశ్ రాథోడ్ ఇద్దరూ సెంచరీలు కొట్టి వెళ్లాక వచ్చి 44 బంతుల్లో 88 నాటౌట్ చేశాడు. విజయనగరంలో ఒకట్లతో మొదలుపెట్టిన ఆ చేతులే అక్కడ చివరి ఓవర్లలో ఇష్టమొచ్చినట్టు బాదాయి. విదర్భ స్కోరు 3 వికెట్లకు 380. తన ఆటను ఎప్పుడు ఏ గేరులో నడపాలో తెలిసిన ఆటగాడు అతను. 2016లో చెన్నైలో ఇంగ్లండ్‌పై 303 నాటౌట్ చేసి కూడా జట్టులో చోటు పోగొట్టుకున్న మనిషి, తన ఆటకు తానే మళ్లీ పునాది వేసుకున్నాడు. చూస్తుంటే గుండె నిండిపోయింది.

నాకౌట్ దశ మొత్తం వడోదరలోనే జరిగింది. విజయ్ హజారే బరోడా తరఫున ఆడినవాడు, అక్కడే కన్నుమూసినవాడు. అతని పేరిట ఇచ్చే కప్పు అక్కడ చేతులు మారడం సముచితమే. కానీ సొంతగడ్డ మీద బరోడాకు క్వార్టర్స్‌లోనే గుండెకోత తప్పలేదు. కర్ణాటక ఐదంటే ఐదు పరుగుల తేడాతో బయటపడింది.

కోటంబి మైదానంలో ఫైనల్, కర్ణాటకపై విదర్భ. కరుణ్‌కు అది సొంత రాష్ట్రం. కర్ణాటకతో కలిసి కప్పులు గెలిచినవాడు, 2023లో విదర్భకు వెళ్లినవాడు, ఇప్పుడు ఎదురుగా కెప్టెన్‌గా నిలబడ్డాడు. విదర్భ ముందు ఫీల్డింగ్ తీసుకుంది. 67 పరుగులకే కర్ణాటక మూడు వికెట్లు పోగొట్టుకుంది. టోర్నీలో 651 పరుగులు చేసిన మయాంక్ అగర్వాల్ కూడా అప్పటికే వెనుదిరిగాడు. అక్కడినుంచి స్మరణ్, శ్రీజిత్ నిర్మించిన భాగస్వామ్యమే నా లెక్కలో ఈ సీజన్‌కు శిఖరం. 160 పరుగులు జోడించారు. తొందర లేదు, అలాగని స్కోరు నిలిచిపోలేదు. శ్రీజిత్ 78 చేసి వెళ్లాక అభినవ్ మనోహర్ వచ్చి 42 బంతుల్లో 79 బాదాడు. స్మరణ్ 101. మొత్తం 6 వికెట్లకు 348.

ఛేదనలో కరుణ్‌ను ప్రసిద్ధ్ కృష్ణ 27 పరుగుల దగ్గర బౌల్డ్ చేశాడు. టోర్నీలో అతను ఔటైన రెండో, చివరి సందర్భం అదే. ధ్రువ్ షోరే 110తో పోరాడాడు. హర్ష్ దూబే 30 బంతుల్లో 63 కొట్టి మ్యాచ్‌ను మళ్లీ ఊపాడు. 312 దగ్గర ఆట ముగిసింది. 36 పరుగుల తేడాతో కర్ణాటకకు ఐదో కప్పు దక్కింది. ఆడిన ఐదు ఫైనల్స్‌లోనూ ఆ జట్టే గెలిచింది. అంత బలమైన జట్టును ఈ సీజన్‌లో ఓడించింది ఒక్క హైదరాబాదే. తిలక్ వర్మ 99, వరుణ్ గౌడ్ 109 నాటౌట్. గ్రూప్ దశ దాటలేదు గానీ, ఆ ఒక్క ఛేదన కోసమైనా హైదరాబాద్ అభిమానులు ఈ సీజన్‌ను దాచుకోవాలి.

తగ్గించిన మార్కు గురించి చెప్పాలి. గ్రూప్ దశలో ఒకే రోజు పదిహేనుకు మించి మ్యాచ్‌లు జరిగితే కెమెరా ముందుకు వచ్చినవి కొన్నే. మిగతా ఆటంతా అంకెలుగానే మిగిలిపోయింది. నేను వాడిన యాప్‌లో స్కోరు ఓవర్లకు ఓవర్లు ఆగిపోయి, ఒక్కసారిగా రెండు వికెట్లు పడ్డట్టు చూపించేది. ఎవరు, ఎలా ఔటయ్యారో రాత్రికి గానీ తెలిసేది కాదు. ప్రతి మైదానంలో స్థిరంగా ఒక కెమెరా పెట్టి, కామెంటరీ లేకుండా చూపించినా చాలు, మాలాంటివాళ్లకు పండగే. క్యాలెండర్ గొడవ మరొకటి. డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో మా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టాడు. ఊరంతా టీవీల ముందే ఉంది, ఉండాలి కూడా. కానీ అదే రోజున జరిగిన ఒక రౌండు దేశవాళీ మ్యాచ్‌లను పట్టించుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఫైనల్ జరిగిన జనవరి 18నే ఛాంపియన్స్ ట్రోఫీకి భారత జట్టును ప్రకటించారు. కరుణ్ పేరు లేదు. చోటు లేదన్నది అర్థం చేసుకోగలను. కానీ వన్డే జట్టును ఎంచుకునే రోజు, దేశంలోకెల్లా పెద్ద వన్డే టోర్నీకి చివరి బంతి పడిన తర్వాత ఎందుకు రాకూడదు? ఒక్క రోజు ఆగి ఉంటే స్మరణ్ సెంచరీకైనా ఆ గౌరవం దక్కేది.

ఈ సీజన్‌ను ఇప్పుడు వెతికి చూడాలనుకునేవారు ఫైనల్‌తో మొదలుపెట్టండి. మూడో వికెట్ పడిన దగ్గరినుంచి శ్రీజిత్ ఔటయ్యేదాకా ముందుకు జరపకుండా చూడండి. సిక్సర్ల ముక్కలు చాలనుకుంటే సెమీస్‌లో కరుణ్ ఇన్నింగ్స్ చివరి భాగం సరిపోతుంది. క్రికెట్ నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం స్మరణ్, శ్రీజిత్‌ల భాగస్వామ్యాన్నే చూపించండి, పక్కన కాగితం పెట్టి ఒకట్లు లెక్కపెట్టమనండి.