పెద్ద టర్బోనా, రీమ్యాపా, కొత్త బండా? హైదరాబాద్ రోడ్ల మీద ఏది మేలు

మా పిన్ని కొడుకు దగ్గర 2015 నాటి పోలో జీటీ టీఎస్‌ఐ కారు ఉంది. ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు గచ్చిబౌలిలో. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు పచ్చడి గిన్నె చేతిలో పట్టుకునే అడిగాడు: "అన్నయ్యా, బండికి పెద్ద టర్బో వేయించాలనుకుంటున్నాను. ఏమంటావు?" వద్దని వెంటనే అనలేకపోయాను. ఆ కోరిక నాకూ ఒకప్పుడు ఉండేది.

టర్బోలో, ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాలుతుంది, శక్తి పెరుగుతుంది. స్విస్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుషీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. చిక్కంతా చక్రం సైజులో ఉంది. అదే ఆకారంలో చక్రం వ్యాసాన్ని 10 శాతం పెంచితే గాలి వెళ్లే దారి సుమారు 21 శాతం పెరుగుతుంది. కానీ దాన్ని తిప్పడానికి అడ్డుపడే జడత్వం 60 శాతం పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వ్యాసానికి ఐదో ఘాతంలో ఎదుగుతుంది. చిన్న తిరగలి వేలితో తోసినా కదులుతుంది. పెద్ద తిరగలిని కదిలించడానికే సగం బలం పోతుంది, ఒకసారి తిరగడం మొదలయ్యాక మాత్రం పిండి రాశిగా పడుతుంది.

ఆ పెద్ద తిరగలి ఎలా ఉంటుందో నాకు ఒక మిత్రుడి స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్‌లో తెలిసింది. కంపెనీ ఇచ్చిన ఐఎస్20 టర్బో తీయించి, 300 హార్స్‌పవర్ గోల్ఫ్ ఆర్‌లో వాడిన పెద్ద టర్బో ఐఎస్38 వేయించాడు. తెల్లవారుజామున కోకాపేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ వైపు బయలుదేరాం. ఇంజిన్ నిమిషానికి 3500 చుట్లు (ఆర్‌పీఎం) దాటగానే వీపు సీటుకు అతుక్కుపోయింది. అబద్ధమెందుకు, నవ్వు ఆగలేదు. కానీ ఎంతసేపు? ఔటర్ మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఆ అంకె దగ్గరికి చేరడానికి పట్టింది కొన్ని సెకన్లే, ఆ తరువాత పెద్ద టర్బోకు చేయడానికి పని లేదు. తిరుగు ప్రయాణం ఆరాంఘర్ నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా మెహిదీపట్నం, అక్కడి నుంచి టోలిచౌకి. ఆ దారిలో ఆర్‌పీఎం ముల్లు 1500కూ 2500కూ మధ్యే ఊగిసలాడింది. ముందున్న ఆటో కదిలాక మేము కదలాలంటే ఒక క్షణం ఆగి, ఆ తరువాత ఉన్నట్టుండి దూకాల్సి వచ్చింది. పాత టర్బోతో ఆ కారు అలా ఉండేది కాదు.

మా తమ్ముడి పోలో పుట్టుకే దీనికి వ్యతిరేకం. 1.2 లీటర్ల ఇంజిన్, 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ టార్క్ 1500 ఆర్‌పీఎం దగ్గరే చేతికి వస్తుంది. జేఎన్‌టీయూ దగ్గర పచ్చదీపం పడినప్పుడు కావలసింది అదే. కంపెనీ చిన్న టర్బో పెట్టింది పిసినారితనంతో కాదు. ఊళ్లో నడిచే కారు ఏ ఆర్‌పీఎంలో బతుకుతుందో లెక్క చూసుకునే పెట్టింది.

అందుకే ముందు రీమ్యాప్ సంగతి. ఇంజిన్ కంప్యూటర్‌లో బూస్ట్ (టర్బో ఒత్తి పంపే గాలి పీడనం), పెట్రోలు, స్పార్క్ సమయం, టార్క్ పరిమితుల లెక్కలు మారుస్తారు, టర్బో పాతదే ఉంటుంది. టర్బో పెట్రోలు ఇంజిన్లలో మామూలుగా 20 నుంచి 30 శాతం శక్తి పెరుగుతుంది, అదీ నిత్యం వాడే మధ్య ఆర్‌పీఎంలోనే ఎక్కువగా. ఖర్చు వేలల్లో. పెద్ద టర్బో ఖర్చు లక్షల్లో, ఎందుకంటే అది ఒంటరిగా రాదు, చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వస్తుంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే డౌన్‌పైప్, ఆయిల్ పైపులు, చివరికి క్లచ్. అన్నీ అయ్యాక ఎలాగూ రీమ్యాప్ చేయించాల్సిందే.

పోలోలో అసలు గోడ గేర్‌బాక్స్. దానిలోని ఏడు గేర్ల డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) ఆటోమేటిక్ డీఎస్‌జీకి కంపెనీ పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. ఆక్టేవియా 1.8లోనూ ఇదే జాతి గేర్‌బాక్స్ ఉంది, ఇంజిన్‌కు ఇంకా సత్తా ఉన్నా టార్క్‌ను కంపెనీయే 250 దగ్గర కట్టేసింది. మంచి రీమ్యాప్‌తోనే పోలో ఆ గోడ దగ్గరికి వెళ్తుంది. దానిపైన పెద్ద టర్బో పెట్టడం అంటే క్లచ్ ప్లేట్లను అరగదీసుకోవడానికి డబ్బు కట్టడమే.

రీమ్యాప్‌లోనూ మోసపోయే చోటు ఒకటుంది. యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోలుకు రాసిన ఫైలును ఇక్కడ ఉన్నదున్నట్టు ఎక్కిస్తే నాకింగ్, అంటే పెట్రోలు వేళ కాని వేళ తనంతట తాను అంటుకోవడం, మొదలయ్యే ప్రమాదం ఉంది. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, నిజమే. కానీ లీటరుకు దానిలో ఉన్న శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి ఇంజెక్టర్లు ఎక్కువ పోయాలి. మీరు రోజూ పోయించే పెట్రోలుతోనే బండి నడిపి, నాకింగ్ రీడింగులు చూసి సరిదిద్దేవాళ్ల దగ్గరే రీమ్యాప్ చేయించాలి. అర గంటలో ఫైలు ఎక్కించి పంపేవాళ్లకు దూరంగా ఉండటం మంచిది.

మన ఊరి గాలి మాట కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి చెన్నైలో కంటే అయిదారు శాతం తక్కువ. మే నెలలో 43 డిగ్రీల ఎండలో గాలి, 25 డిగ్రీల గాలి కంటే మరో 6 శాతం పలచబడుతుంది. అదే బూస్ట్ ఇవ్వడానికి చిన్న టర్బో ఇక్కడ ఇంకాస్త వేగంగా తిరగాలి, వేగం పెరిగితే వేడి పెరుగుతుంది. పెద్ద టర్బో పక్షాన నిలిచే గట్టి వాదన ఇదొక్కటే: అదే గాలిని అది తక్కువ శ్రమతో, తక్కువ వేడితో ఇస్తుంది. కానీ ఆ వేడిని మంచి ఇంటర్‌కూలర్ చాలావరకు తీసేస్తుంది, అదీ చాలా తక్కువ ఖర్చులో.

డీజిల్ వాళ్ల కథ వేరు. పాత స్విఫ్ట్ డీజిల్ నడిపినవారికి 2000 ఆర్‌పీఎం దాటేదాకా నిద్రపోయి, ఆపైన లేచి పరుగెత్తే ఆ తీరు గుర్తుండే ఉంటుంది. దానిలోని 1.3 లీటర్ల ఇంజిన్ 75 హార్స్‌పవర్‌ది, కోణం మారే రెక్కలు లేని టర్బో. అదే ఇంజిన్ ఎర్టిగాలో 90 ఇచ్చింది, అక్కడ పొగ వచ్చే దారిలోని రెక్కల కోణం మారే టర్బో ఉంది. పొగ తక్కువున్నప్పుడు రెక్కలు మూసుకుని చిన్న టర్బోలా, ఎక్కువున్నప్పుడు తెరుచుకుని పెద్ద టర్బోలా పనిచేస్తుంది. టర్బో మార్చడం ఊళ్లో కూడా లాభించే సందర్భం నాకు తెలిసి ఇదే. అయితే రెక్కలను నడిపించే కంట్రోల్ కూడా సరిపోవాలి. రాణిగంజ్‌లో పాత టర్బో కొంటే ఇరుసును వేళ్లతో పట్టి చూడండి. పక్కలకు కాస్త కదలడం సహజం. ముందుకూ వెనక్కీ కదిలిందంటే దాన్ని అక్కడే వదిలేసి రండి.

చట్టం ముందు రీమ్యాపూ టర్బోనూ రెండూ మార్పులే, పెద్ద టర్బో బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది, అంతే తేడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. చెప్పకుండా మార్పు చేస్తే ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము దగ్గర పేచీ వస్తుంది. నాకు జరిమానా కంటే దీని భయమే ఎక్కువ.

ఈ చిక్కులేవీ లేని మూడో దారి బండి మార్చడం. వర్టుస్, స్లావియాలలోని 1.5 టీఎస్‌ఐ 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. గేర్‌బాక్స్ హద్దు దగ్గరే, కానీ వారంటీతో. అంతకంటే కావాలంటే పాత వీఆర్‌ఎస్ ఉంది, దానికి 350 న్యూటన్ మీటర్లు మోసే, నూనెలో చల్లబడే వెట్ క్లచ్ గేర్‌బాక్స్ ఇచ్చారు. డబ్బు కుదిరితే నా ఓటు బండి మార్చడానికే. కుదరకపోతే మెత్తని రీమ్యాప్, ఇంటర్‌కూలర్. పెద్ద టర్బో మాత్రం ఇంట్లో రెండో కారు ఉండి, ఏడాదికి నాలుగుసార్లు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు.

మా తమ్ముణ్ని ఏదీ తేల్చుకోకముందే షెడ్డుకు తీసుకెళ్లాను. పదేళ్ల బండి కదా, బూస్ట్ పైపు ఒకటి చీలి గాలి లీకవుతోంది, స్పార్క్ ప్లగ్గులు అరిగిపోయాయి. అవి మార్చాక సగం ఆవేశం తగ్గింది. మిగతా సగానికి రీమ్యాప్ కోసం డబ్బు దాచాడు. అప్పుడు మేస్త్రీ ముందు టైర్ల కేసి చూపించాడు, అరుగు గుర్తుల దాకా అరిగి ఉన్నాయి. దాచిన డబ్బు నాలుగు కొత్త టైర్లకు పోయింది. మొన్న వానలో హైటెక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చక్రాలు జారలేదని ఫోను చేసి చెప్పాడు. రీమ్యాప్ మాట దసరాకు చూద్దామన్నాడు.