పదకొండు రోజుల తరువాత వచ్చిన తాళంచెవి: ఒక భద్రతా పరీక్ష సాఫ్ట్‌వేర్ సమీక్ష

కంప్యూటర్ నెట్‌వర్కుల భద్రతను పరీక్షించడం నా వృత్తి. యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతి ఇచ్చిన తరువాత, దొంగ ఏయే దారుల్లో లోపలికి రాగలడో అతనికంటే ముందుగా వెతికి చెప్పడమే ఈ పని. ఇందుకోసం ఏడాదిగా వాడుతున్న ఒక అమెరికన్ పెనెట్రేషన్ టెస్టింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఇక్కడ రాస్తున్నాను. తయారీ కంపెనీ పేరు చెప్పడం లేదు. నేను పడిన ఇబ్బందిలో సగం అమెరికా ఎగుమతి నిబంధనల వల్ల వచ్చినది. మిగతా సగం మాత్రం కంపెనీ స్వయంగా కల్పించినదే.

ముందుగా సాఫ్ట్‌వేర్ సంగతి. దీనిలోని అసలైన గొప్పతనం నివేదికల తయారీలో ఉంది. ఏ యంత్రం మీద, ఏ నిమిషంలో, ఏ ప్రయత్నం చేశామో, దానికి ఏ జవాబు వచ్చిందో అన్నీ తనంతట తానే నమోదు చేసుకుంటుంది. ఒకప్పుడు నాకు రెండు రోజులు పట్టే నివేదిక ఇప్పుడు ఒక పూటలో పూర్తవుతోంది. పరీక్ష కోసం అవతలి యంత్రాల్లో పెట్టిన ఫైళ్లను పని ముగిశాక వెతికి తీసివేసే సదుపాయం కూడా నమ్మదగినదే. వెబ్ అప్లికేషన్ల పరీక్ష మాత్రం నాసిరకంగా ఉంది. దానికి వేరే పనిముట్టు చూసుకోవలసిందే.

ఇక కొనేముందు వాడి చూసే ట్రయల్ కోసం నింపవలసిన ఫారం దగ్గరికి వద్దాం. అమెరికా, కెనడాల వెలుపల నుంచి దరఖాస్తు చేసేవారు సంస్థ పేరు, చిరునామా, సంస్థ ఈమెయిల్, వాడకపు ఉద్దేశం రాయాలి. వీటిలో దేనికీ నాకు అభ్యంతరం లేదు. చిక్కంతా చివరి ప్రశ్నలో ఉంది: 'అంతిమ వినియోగదారు ప్రభుత్వ సంస్థా?' దాని కింద అవును, కాదు అని రెండు గడులు, అంతే. నేను పరీక్షించవలసినది ఒక ప్రభుత్వ ఆసుపత్రి నెట్‌వర్కు. నిజాయతీగా 'అవును' అన్న గడిలో టిక్కు పెట్టాను. మూడో రోజున మరింత వివరణ కోరుతూ ఈమెయిల్ వచ్చింది. వాడకపు ఉద్దేశం మీద సంతకం చేసిన పత్రం పంపాక, మొత్తం పదకొండో రోజున సాఫ్ట్‌వేర్‌ను తెరిచే తాళంచెవి, అంటే లైసెన్సు కీ, వచ్చింది. ఆసుపత్రి వారు పరీక్షకు కేటాయించిన ఒకే ఒక్క శనివారం రాత్రి అప్పటికే గడిచిపోయింది.

తరువాత తీరిగ్గా నిబంధనలు చదివితే తెలిసింది, నేను 'కాదు' అని పెట్టవలసిందని. చొచ్చుకుపోయే సామర్థ్యం ఉన్న ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను, నిర్దిష్ట జాబితాలోని దేశాలకు వెలుపల ఉన్న ప్రభుత్వ వినియోగదారులకు ఇవ్వాలంటే అమెరికా వాణిజ్య శాఖ లైసెన్సు కావాలన్న మాట నిజమే. అయితే అదే ఎగుమతి నిబంధనలు 'ప్రభుత్వ వినియోగదారు' అన్న మాటకిచ్చిన నిర్వచనం నుంచి విద్యాసంస్థలను, పౌర వైద్య సంస్థలను, బ్యాంకులను, టెలికాం సంస్థలను స్పష్టంగా మినహాయించాయి. ఆ నాలుగు ముక్కలూ గడుల పక్కన అచ్చువేసి ఉంటే నా పదకొండు రోజులు మిగిలేవి. చట్టం ఇంత వివరంగా చెప్పిన విషయాన్ని కంపెనీ రెండు గడుల్లోకి కుదించడం బద్ధకమే తప్ప మరొకటి కాదు.

ఇటువంటి సాఫ్ట్‌వేర్ మీద నియంత్రణల కథ కూడా తేలికగా సాగలేదు. 2013 డిసెంబరులో, ఆయుధాల, సైనికంగానూ వాడదగిన సాంకేతికతల ఎగుమతులను నియంత్రించే వాసెనార్ ఒప్పంద దేశాలు చొరబాటు సాఫ్ట్‌వేర్‌ను నియంత్రణ జాబితాలో చేర్చాయి. పౌరుల ఫోన్లలోకి దొంగచాటుగా దూరే నిఘా పరికరాలను నిరంకుశ ప్రభుత్వాలకు అమ్మకుండా ఆపాలన్నది ఉద్దేశం. 2015 మేలో అమెరికా ప్రతిపాదించిన నియమం ఎంత విశాలంగా ఉందంటే, ఒక సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపాన్ని కనుగొన్నవాడు దాన్ని మరో దేశంలోని తయారీదారుకు తెలియజేయడానికి కూడా లైసెన్సు అడగవలసి వస్తుందేమోనని భద్రతా నిపుణులు గగ్గోలు పెట్టారు. ఆ ప్రతిపాదన అమలుకు రాలేదు. 2017లో ఒప్పందంలోనే లోపాల వెల్లడికి, సైబర్ దాడుల ప్రతిస్పందనకు మినహాయింపులు చేర్చారు. సవరించిన అమెరికా నియమం 2022 మార్చిలో అమలులోకి వచ్చింది.

ఆ శనివారం రాత్రి నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇదే రకం పని చేసే మెటాస్ప్లాయిట్ ఫ్రేమ్‌వర్క్‌తో పని నడిపాను. 2003లో హెచ్. డి. మూర్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 2009 నుంచి రాపిడ్ సెవెన్ కంపెనీ చేతిలో ఉంది. 2015 ఏప్రిల్‌లో ఆ కంపెనీ కూడా విదేశీ దరఖాస్తుదారులను పరిశీలించే పద్ధతి పెట్టింది కానీ, అది మెటాస్ప్లాయిట్‌లోని ఇతర రూపాలకే. బహిరంగంగా ప్రచురించిన ఫ్రేమ్‌వర్క్‌కు ఆ పరిశీలన వర్తించలేదు. నల్లని తెరమీద ఆదేశాలు ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ, విండోస్‌లో 2017లోనే సవరణ వచ్చిన ఒక పాత లోపం రెండు ఆసుపత్రి యంత్రాల్లో ఇంకా తెరిచే ఉందని తెల్లవారేలోగా కనిపెట్టాను. నివేదిక మాత్రం చేత్తో రాసుకోవలసి వచ్చింది, మళ్లీ రెండు రోజులు. డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ అదనంగా ఇస్తున్నది ఆ రెండు రోజులనే; దాడి చేసే సత్తా రెండింటిలోనూ దాదాపు ఒక్కటే. ఎగుమతి లైసెన్సు ఆపుతున్నది దేన్నో ఎవరైనా ఆలోచించుకోవచ్చు.

వృత్తిగా ఈ పని చేసేవారు ఈ సాఫ్ట్‌వేర్‌ను కొనవచ్చనే చెబుతాను; కాకపోతే పరీక్ష తేదీకి కనీసం నెల ముందు దరఖాస్తు పెట్టండి, గడిలో టిక్కు పెట్టేముందు నిర్వచనం చదవండి. నిర్వచనం ఫారంలో ఉండాలని కంపెనీకి రాశాను, మర్యాదగా ధన్యవాదాలు చెప్పారు. గత నెల లైసెన్సు పునరుద్ధరణకు అదే ఫారం మళ్లీ వచ్చింది, చివర్లో అవే రెండు గడులతో.