‘డెలివరీ అయింది’ అంటే ఎవరికి అయినట్టు?

ఏడాదిన్నరగా నా ఆన్‌లైన్ ఆర్డర్లలో చాలా భాగం ఒకే కొరియర్ సంస్థ చేతుల మీదుగా వస్తోంది. ఆ సంస్థను నేను ఎంచుకోలేదు. వేర్వేరు అమ్మకందారులు తమ ఖర్చుల లెక్క చూసుకుని ఎంచుకున్నారు. దాని మంచిచెడ్డలు మాత్రం నా గుమ్మం దాకా వచ్చాయి, కొన్నిసార్లు గుమ్మం దాకా కూడా రాలేదు. పేరు ఇక్కడ రాయడం లేదు. చదివేవారు తమకు తెలిసిన కొరియర్ పేరు ఏదైనా పెట్టుకుని చదువుకున్నా పెద్దగా తేడా పడదని నా అనుమానం.

ఈ కాలంలో మొత్తం 23 పార్సిళ్లు రావలసి ఉండగా, 16 చెప్పిన రోజుకే వచ్చాయి, నాలుగు రెండు నుంచి ఆరు రోజులు ఆలస్యమయ్యాయి, ఒకటి ఏనుగు కూర్చుని లేచినట్టు నలిగి చేరింది, రెండు అసలు రాలేదు. లెక్కగా చూస్తే ఇదేమంత ఘోరం కాదు. వస్తువులు లక్షల కొద్దీ కదిలే చోట ఒకటో రెండో జారిపోవడం సహజమే. అయినా నేను ఐదు నక్షత్రాలకు రెండే ఇస్తున్నాను. కారణం పోయిన పార్సిళ్లు కాదు, అవి పోయాయని ఒప్పుకోవడానికి ఆ సంస్థకు పట్టిన కాలం, ఆ కాలమంతా అవి నాకు చేరాయని నాతోనే వాదించిన తీరు.

మొదట పోయినది ఒక పుస్తకం. అమ్మినవారు మారుమాట లేకుండా మరొకటి పంపారు కనుక దాన్ని పక్కన పెడతాను. రెండోది వాషింగ్ మెషీన్‌లోని డ్రెయిన్ పంపు. మురికి నీరు బయటికి పోవడం లేదని పిలిస్తే వచ్చిన మెకానిక్ యంత్రం వెనక పలక విప్పి చూసి, “పంపు పోయిందండీ, కొత్తది తెప్పించి పెట్టండి, బిగించడం పది నిమిషాల పని” అన్నాడు. అదే రోజు ఆర్డర్ పెట్టాను. మూడు రోజుల్లో వస్తుందన్నారు. మూడో రోజు ఉదయం ‘అవుట్ ఫర్ డెలివరీ’ అని సందేశం వచ్చింది. ఆ రోజంతా ఇల్లు కదలలేదు. సాయంత్రం 6.40కి మరో సందేశం: ‘డెలివరీకి ప్రయత్నించాం, వినియోగదారు అందుబాటులో లేరు.’ ఫోన్ మోగలేదు, కాలింగ్ బెల్ మోగలేదు, వీధిలో బండి ఆగిన చప్పుడు కూడా లేదు. మరుసటి రోజు కూడా అదే సమయానికి, కామా ఫుల్‌స్టాప్‌తో సహా అదే వాక్యం. ఐదో రోజు రాత్రి 9.12కి ‘డెలివరీ అయింది, అందుకున్నవారు: స్వయంగా’ అని వచ్చింది.

సాక్ష్యంగా ఒక ఫొటో జత చేశారు. దాన్ని పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లేత నీలం రంగు తలుపు, సగం మాత్రమే కనిపిస్తున్న, కాళ్లు తుడుచుకునే బూడిద రంగు పట్టా, దాని అంచున చిన్నపిల్లల చెప్పు ఒకటి, జత కాదు, ఒకటే; ఆ చెప్పుకు ఆనుకుని అట్టపెట్టె మూల. మా తలుపు గోధుమ రంగు, మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఫోన్ చేత్తో పట్టుకుని మా భవనంలోని అన్ని అంతస్తులూ, తరవాత పక్క రెండు భవనాలూ తిరిగాను. నీలం తలుపులు మూడు కనిపించాయి. ఒక ఇంటావిడ నన్ను పార్సిల్ ఇవ్వడానికి వచ్చినవాడిననుకుని, “మేమేమీ తెప్పించుకోలేదు బాబూ” అంది. ఒంటి చెప్పు ఎక్కడా దొరకలేదు.

ఇక్కడ ఆగి ట్రాకింగ్ అనే దాని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా కోపంలో సగం దాన్ని నేను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చిందే. ట్రాకింగ్ పేజీ పార్సిల్ ఎక్కడ ఉందో చెబుతుందని మనం అనుకుంటాం. అది చెప్పేది ఆ లేబుల్‌ను చివరిసారి ఎవరు, ఎక్కడ స్కాన్ చేశారో మాత్రమే. అందులోనూ చాలాచోట్ల పార్సిళ్లను ఒక్కొక్కటిగా కాకుండా సంచుల్లో వేసి, సంచికి ఉన్న బార్‌కోడ్‌ను ఒక్కసారి స్కాన్ చేస్తారు; దానితో ఆ సంచిలో ఉండాల్సిన పార్సిళ్లన్నీ ఆ ఊరు చేరినట్టు పేజీలో పడిపోతుంది. ఒక పెట్టె మధ్యలో జారిపోయినా, పొరపాటున వేరే సంచిలో పడినా, లేబుల్ చిరిగి కన్వేయర్ బెల్టు పక్కన దిక్కులేకుండా మిగిలిపోయినా, పేజీ మీద మాత్రం అది తోటి పార్సిళ్లతో కలిసి హాయిగా ప్రయాణం చేస్తూనే ఉంటుంది. రెండు మూడు రోజులు ఒకే చోట కదలకుండా ఉండి, తరవాత ఒక్కసారిగా నాలుగు వరుసలు కనిపిస్తే అది చాలావరకు సంచి లెక్క.

అంతర్జాతీయ తపాలా పార్సిళ్లకు వాడే నంబరు దీనికి మంచి ఉదాహరణ. 1874లో మొదలైన అంతర్జాతీయ తపాలా సంస్థ యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నిర్దేశించిన ఆ నంబరులో ముందు రెండు అక్షరాలు, తరవాత తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశాన్ని సూచించే రెండు అక్షరాలు కలిసి మొత్తం 13 ఉంటాయి. తొమ్మిదో అంకె ఊరికే పెట్టింది కాదు. ముందున్న ఎనిమిది అంకెలను ఒక్కోదాన్ని ఒక్కో సంఖ్యతో హెచ్చవేసి, కూడి, 11తో భాగించి రాబడతారు. ఎవరైనా ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ దాదాపు ఎప్పుడూ అక్కడికక్కడే పట్టేస్తుంది. నంబరు తప్పు కాకుండా ఇంత జాగ్రత్త తీసుకున్న వ్యవస్థలో, పెట్టెను తప్పు తలుపు ముందు పెడితే పట్టుకునే అంకె మాత్రం లేదు.

దారి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పక్క ఊళ్లో ఉన్న వస్తువు ముందు నాలుగు వందల కిలోమీటర్ల దూరం వెనక్కి వెళ్లి మళ్లీ రావడం చూసి చాలామంది నవ్వుతారు గానీ, అది తెలివితక్కువతనం కాదు. ఎక్కడెక్కడి సరుకునూ ఒక కేంద్రానికి చేర్చి, అక్కడ వేరుచేసి తిరిగి పంపడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. అమెరికా కొరియర్ సంస్థ ఫెడెక్స్ 1973 ఏప్రిల్ 17 రాత్రి మెంఫిస్ నగరం కేంద్రంగా 14 విమానాలతో 25 నగరాలకు 186 పార్సిళ్లు పంపి సేవ మొదలుపెట్టింది కూడా ఈ పద్ధతితోనే. పెట్టె ఎంత దూరం తిరిగిందన్నది కాదు, ఎన్ని చేతులు మారిందన్నది ముఖ్యం. చేయి మారిన ప్రతిచోటా అది జారిపోయే అవకాశం ఉంటుంది. జారిపోయిన క్షణాన్ని నమోదు చేసే స్కానర్ ఉండదు.

ఇక ‘వినియోగదారు అందుబాటులో లేరు’ అన్న వాక్యం. వారం తరవాత మరో పార్సిల్ తెచ్చిన కుర్రాడిని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగాను. “తమ్ముడూ, నేను ఇంట్లోనే ఉన్నాను, మీరు రానే లేదు, మరి వచ్చామని ఎలా రాశారు?” అన్నాను. అతను కాసేపు నసిగి, “ఆ రోజు డ్యూటీ నాది కాదు సార్. కానీ సాయంత్రానికి బండిలో మిగిలినవాటికి యాప్‌లో ఏదో ఒక కారణం నొక్కందే మా లెక్క ముగియదు. ‘టైం సరిపోలేదు’ అనే బటన్ అందులో లేదు సార్” అన్నాడు. ఉన్న కారణాలు చూపించాడు కూడా: తలుపు తాళం, చిరునామా తప్పు, తీసుకోవడానికి నిరాకరించారు, ఫోన్ ఎత్తలేదు, మరో రోజు తెమ్మన్నారు. ఆ వరుసలో తప్పు ఎప్పుడూ అందుకునేవారిదే. సంస్థ తన తప్పు నమోదు చేయడానికి చోటే ఉంచుకోలేదు. చేర్చిన పార్సిల్‌కు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే కూలి మీద బతికే మనిషికి, వందకు పైగా పెట్టెలు అప్పజెప్పి, అబద్ధం తప్ప వేరే బటన్ ఇవ్వనప్పుడు, ఆ అబద్ధం అతనిదని నేను అనలేను. నేనిస్తున్న రెండు నక్షత్రాలూ ఇటువంటి కుర్రాళ్లకే.

కస్టమర్ కేర్‌కు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. మొదటి కాల్‌లో 24 గంటలు ఆగమన్నారు, రెండో కాల్‌లో 48, మూడో కాల్‌లో ‘పై విభాగానికి పంపాం’ అన్నారు. నాలుగోసారి, “మా రికార్డులో డెలివరీ అయినట్టు ఉందండీ, ఫొటో కూడా ఉంది” అన్నారు. ఆ తలుపు మాది కాదని, కావాలంటే మా తలుపు ఫొటో పంపుతానని అన్నాను. ఫొటో తీసుకునే సదుపాయం తమకు లేదన్నారు. ఆ రికార్డు ముందు నా మాటకు విలువ లేదు, ఎందుకంటే నా దగ్గర ఉన్నది లేని వస్తువు. లేదని నిరూపించే ఫొటో ఎలా తీస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఐదో కాల్‌లో గానీ అసలు సంగతి బయటపడలేదు. “సార్, విచారణ మొదలుపెట్టమని పంపినవారు అడగాలి, మీరు అడిగితే కుదరదు” అన్నారు. అప్పటికి నాలుగు రోజులు పోయాయి. కోపం తగ్గాక చూస్తే అందులో న్యాయం ఉంది: కొరియర్‌కు డబ్బు కట్టింది అమ్మకందారు, ఒప్పందం వారిద్దరి మధ్యది. నేను ఆ ఒప్పందంలో ఒక చిరునామాను మాత్రమే. అలాగే నా ఒప్పందం అమ్మకందారుతో. వస్తువు నా చేతికి వచ్చేదాకా బాధ్యత వారిది. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన వినియోగదారు హక్కుల ఆదేశంలో ఈ సూత్రం స్పష్టంగా ఉంది: కొనుగోలుదారు, లేదా అతను సూచించిన మనిషి, వస్తువును చేతికి తీసుకునేదాకా అది పోయినా పాడైనా నష్టం వ్యాపారిదే; కొరియర్‌ను కొనుగోలుదారే సొంతంగా కుదుర్చుకుంటే తప్ప. చట్టం ఎక్కడ ఎలా ఉన్నా, ఫిర్యాదు మొదలుపెట్టవలసిన చోటు అమ్మినవారి దగ్గరే. ‘కొరియర్‌ను అడగండి’ అని వారు తోసేస్తే, ‘కొరియర్‌ను పెట్టుకున్నది మీరు’ అన్న ఒక్క వాక్యం రాతపూర్వకంగా పంపడం నా ఐదు ఫోన్ కాల్స్ కంటే ఎక్కువ పని చేసింది.

పోయిన వస్తువుకు కొరియర్ తరఫున పరిహారం ఎంత అన్నది మరో తమాషా. రవాణా ఖర్చు వసూలు చేసేటప్పుడు పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో చూస్తారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి, చాలామంది వాడే లెక్క ప్రకారం 5,000తో భాగిస్తారు. అరచేతంత పంపును 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టి పంపితే, లోపల ఉన్నది కిలోకు తక్కువైనా మూడు కిలోల లెక్క పడుతుంది. పరిహారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తూకం మళ్లీ అసలు బరువుకు దిగవచ్చు. అంతర్జాతీయ విమాన సరుకు విషయంలో 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం విమాన సంస్థ బాధ్యతకు పెట్టిన గరిష్ఠ పరిమితి కిలోల లెక్కనే ఉంటుంది, పంపినవారు ముందుగా విలువ ప్రకటించి అదనపు రుసుము కడితే తప్ప. అంటే గాలికి డబ్బు తీసుకుంటారు, వస్తువు పోతే గాలిని తీసేసి తూచుతారు. అందుకే ఖరీదైన, తేలికైన వస్తువు సొంతంగా పంపేటప్పుడు విలువ ప్రకటించే గడిని ఖాళీగా వదలకూడదు.

నలిగి వచ్చిన పెట్టె నాకు వేరే అలవాటు నేర్పింది. ఇప్పుడు పెట్టె విప్పేముందు లేబుల్ కనిపించేలా ఫోన్ నిలబెట్టి, ఆపకుండా వీడియో తీస్తున్నాను. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. ఓటీపీ విషయంలో కూడా మొండితనం నేర్చుకున్నాను. “సార్, ఓటీపీ చెప్పండి, కింద పెట్టి వెళతాను” అని ఫోన్ వస్తే, పెట్టె కళ్లతో చూసేదాకా చెప్పను. ఆ నాలుగు అంకెలు ఒకసారి చెప్పేశాక వస్తువు నాకు అందలేదని ఎవరికీ నిరూపించలేను. వీలున్నచోట ఇంటికి కాకుండా పికప్ కేంద్రానికి తెప్పించుకుంటున్నాను. నడిచి వెళ్లి తెచ్చుకోవడం శ్రమే, కానీ అక్కడ కౌంటర్ వెనక ఒక మనిషి ఉంటాడు, పెట్టె ఉందో లేదో వెనక్కి తిరిగి చూసి చెబుతాడు.

డబ్బు 19వ రోజున వాపసు వచ్చింది, అదీ అమ్మినవారి నుంచి. ఆ 19 రోజులూ దుప్పట్లతో సహా అన్నీ చేత్తోనే ఉతికాం. వేరే అమ్మకందారు దగ్గర మళ్లీ ఆర్డర్ పెడితే, ఆ పంపు కూడా ఇదే కొరియర్‌లో, చెప్పిన రోజుకంటే ఒక రోజు ముందే వచ్చింది. మెకానిక్ బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి పంపు ట్రాకింగ్ పేజీ మాత్రం నిన్న తెరిచి చూసినా అలాగే ఉంది: డెలివరీ అయింది, అందుకున్నవారు: స్వయంగా, దాని కింద నీలం తలుపు, ఒంటి చెప్పు, ఆ కింద ‘మా సేవ మీకు నచ్చిందా?’ అన్న ప్రశ్న.