కారు సీట్లకు లెదర్ కవర్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

2023 సంక్రాంతికి చుట్టాలింటి ముందు కారు దిగేసరికి అమ్మ తెల్లచీర వెనకంతా నల్లటి పొట్టు. దులిపితే రాలలేదు. గోటితో గీకితే జిగురుగా సాగింది. వెనక డోరు తీసి చూశాను. అమ్మ ఎప్పుడూ కూర్చునే ఎడమ పక్కన అరచేతి మేర పైపొర లేచిపోయి, కింద బూడిదరంగు బట్ట కనిపిస్తోంది. "తోలు సీట్లన్నావు కదరా, తోలు ఇలా పొట్టు రాలుతుందా?" అంది అమ్మ. ఆ మాట నేను షోరూంలో అడిగి ఉండాల్సింది.

కారు కొన్నది 2019 దసరాకి. కాంపాక్ట్ ఎస్‌యూవీ, ఆరు ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్. సీట్లు మాత్రం బట్టవి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పాలు ఒలికినా, ఘాట్ రోడ్డులో వాంతి చేసుకున్నా బట్ట సీటుకి పట్టిన వాసన ఓ పట్టాన పోదు. అందుకని డెలివరీ రోజే షోరూంలోనే నల్ల కవర్లు వేయించాను. 11,500 రూపాయలు. బిల్లు మీద 'ప్రీమియం లెదర్' అనే రాశారు. నేను తెనాలి నుంచి గుంటూరుకు రోజూ వెళ్లి వస్తాను. ఈ ఆరేళ్లలో కారు లక్ష కిలోమీటర్లు దాటింది. ఆ సెట్టు మూడేళ్ల చిల్లర వచ్చింది. రెండో సెట్టు విజయవాడ ఆటోనగర్‌లో కుట్టించి మూడో ఏడు నడుస్తోంది. ఈ రెండింటి అనుభవంతో రాస్తున్నాను.

ముందు పేర్ల గొడవ తేల్చుకోవాలి. మన దగ్గర దుకాణాల్లో 'లెదర్' అనే మాటకి కనీసం మూడు అర్థాలున్నాయి. ఒకటి పశువు తోలు. రెండోది పీయూ, అంటే బట్ట మీద పాలియురేథేన్ పూత. మూడోది పీవీసీ, చిన్నప్పటి నుంచి మనం రెగ్జిన్ అంటున్నది దీన్నే. ఆర్ట్ లెదర్, లెదరెట్ అనేవి చివరి రెండింటికీ పెట్టిన పేర్లు. నాపా అంటే నిజానికి మెత్తటి అసలు తోలు. కానీ సీట్ కవర్ల దుకాణంలో నాపా అంటూ చూపించేది చాలాసార్లు కాస్త మెత్తటి ఆర్ట్ లెదరే. కంపెనీ నుంచి లెదర్ సీట్లతో వచ్చే కార్లలోనూ చాలావాటికి మనం కూర్చునే, ఆనుకునే భాగం వరకే తోలు ఉంటుంది. పక్కలు, వెనక భాగం రెగ్జినే.

నా మొదటి సెట్టు పీయూ. మొదటి రెండేళ్లు దాని మీద ఒక్క ఫిర్యాదు లేదు, చేతికి మెత్తగా, నిజం తోలులాగే ఉండేది. మూడో ఏడు వానాకాలం తర్వాత డ్రైవర్ సీటు కుడి అంచున, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తొడ రాసుకునే చోట, సన్నటి గీతలు మొదలయ్యాయి. ఎండకు ఎండిన చెరువు మట్టిలాగా. గాలిలో తేమా, మూసిన కారులో వేడీ కలిస్తే చౌకరకం పాలియురేథేన్ లోపల్నుంచే తెగిపోతూ వస్తుంది. రసాయనశాస్త్రంలో దీన్ని జలవిశ్లేషణ అంటారు. మా డెల్టాలో తేమకీ వేడికీ కరువు లేదు. దానికి తోడు కరోనా రోజుల్లో కారెక్కగానే అందరం చేతులకి శానిటైజర్ రాసుకుని, ఆ తడి చేతులే సీటు మీద ఆనించేవాళ్లం. ఆల్కహాల్ ఆ పూతను ఎండగట్టేస్తుంది. అమ్మ చెయ్యి ఆనించి లేచే చోటే మొదట ఊడటానికి కారణం అదేనని నా నమ్మకం.

షోరూంకి వెళ్తే వారంటీ ఏడాదే అన్నారు. వాదించి లాభం లేదనిపించింది. కానీ అక్కడ ఇంకో విషయం బయటపడింది, అది నన్ను చాలా భయపెట్టింది. ముందు సీట్ల డోరు వైపు పక్కన 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న పట్టీ కుట్టి ఉంటుంది. పక్క నుంచి ఢీకొంటే సంచి ఆ కుట్టు చీల్చుకునే బయటకు రావాలి. నా కవర్లు ఆ పట్టీ మీదుగా నిండా కప్పేసి, గట్టి నైలాన్ దారంతో కుట్టి ఉన్నాయి. మూడేళ్లు పిల్లల్ని, అమ్మానాన్నల్ని ఆ కారులో తిప్పాను. రంగు వెలిసినా, పొర ఊడినా డబ్బుతో పోతుంది. ఇది అలాంటిది కాదు. మీ కారులో సీటు పక్క ఎయిర్‌బ్యాగులుంటే ఇవాళే వెళ్లి చూసుకోండి. ఆ పట్టీ కవరు కింద మూసుకుపోయి ఉంటే ఆ కవరు తీసెయ్యండి.

రెండోసారి అసలు తోలే వేయిద్దామని మనసు లాగింది. దానికి కొంత మా ఊరి అభిమానం కూడా కారణం. తెనాలి పక్కన యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958లో చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. మన దేశపు తోలు పరిశ్రమకు శాస్త్రం నేర్పిన మనిషి. 1985లో ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలినప్పుడు పోయారు. మా ఇంట్లో తోలు ప్రస్తావన వస్తే నాన్న ఆయన మాట ఎత్తకుండా ఉండడు. తంగేడు చెక్కతో, కరక్కాయతో తోలు ఊనడం, అంటే పచ్చితోలు కుళ్లకుండా పదును చేయడం, మన పల్లెల్లో పాత విద్య అని కూడా నాన్నే చెబుతాడు. కార్ల తోలు ఎక్కువగా క్రోమియంతో ఊనింది. దాని మీద మళ్లీ రంగు, పాలియురేథేన్ పూత ఉంటాయి. అందుకే నీటిచుక్క వేసి పీల్చుకుంటే తోలు, జారిపోతే నకిలీ అనే చిట్కా కారు సీట్ల దగ్గర పనికిరాదు. అసలుదైనా నీళ్లు జారిపోతాయి. నాకు చెప్పిన ధర 65,000. ఒక్క తోలుతో సీట్లన్నీ తేలవు, మచ్చలు, గాట్లు ఉన్న చోట్లు తీసేయగా చాలా వృథా పోతుంది కాబట్టి ఆ ధర అన్యాయమేమీ కాదు. కానీ నా కారు పగలంతా గుంటూరులో చెట్టు నీడ కూడా లేని చోట ఆగుతుంది. అన్నేసి గంటల ఎండలో రోజూ మాడితే అసలు తోలు కూడా ఎండి బిగుసుకుని పగులుతుంది. షెడ్డు ఉంటే కచ్చితంగా వేయించేవాణ్ణి.

ఆటోనగర్‌లో నాకు దొరికిన మాస్టారు లారీ క్యాబిన్ సీట్లు కుట్టడంతో పని మొదలుపెట్టినాయన. అరవై దాటి ఉంటాయి. నేను కేటలాగ్ తిప్పుతుంటే, "తోలు కావాలా బాబూ, తోలు లాంటిది కావాలా? ముందు అది చెప్పండి" అన్నాడు. తర్వాత నాలుగు ముక్కలు తీసి బల్ల మీద బోర్లా పరిచాడు. అసలు తోలు వెనక నూగునూగుగా, పీచుపీచుగా ఉంది. మిగతా మూడింటి వెనకా బట్టే. ఒకదానికి పల్చటి అల్లిక, రెండు చేతులతో లాగితే పైపొర మీద అప్పుడే తెల్ల గీత పడింది. ఇంకోదానికి వెనక దట్టమైన నేత, ఎంత లాగినా గీత పడలేదు. అది 1.2 మిల్లీమీటర్ల పీవీసీ. అదే తీసుకున్నాను. పీయూ అంత మెత్తన కాదు. ముట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఎయిర్‌బ్యాగ్ గురించి అడిగితే, "ఆ కుట్టుకి పల్చటి దారం వేస్తామని కొందరంటారు. ఏ దారం ఎంత బలానికి తెగాలో లెక్క కంపెనీవాళ్లకి తెలుసు, నాకు తెలీదు. ఆ పక్క కప్పను, తెరిచి వదిలేస్తాను" అన్నాడు. ఆ మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది. ఇప్పుడు ముందు సీట్ల డోరు వైపు పాత బట్ట కనిపిస్తూనే ఉంటుంది. చూపుకి కొంచెం వెలితే, నాకు మాత్రం అదే కావాలి.

ఫోమ్ విషయంలో ఆయన మాట వినడం మంచిదైంది. నేను మందంగా 12 మిల్లీమీటర్లు అడిగాను, ఆయన 6 చాలన్నాడు. మందం పెరిగితే సీటు ఒంపు పూడిపోయి నడుముకి ఆసరా తగ్గుతుందిట. రోజూ గంటన్నర కూర్చుంటాను, నడుం నొప్పి రాలేదు. వెనక సీటు రెండు ముక్కలుగా మడిచేలా విడిగా కుట్టాడు. పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేల దగ్గర కోతలు పెట్టాడు. ఇవి ముందే చెప్పకపోతే చాలాచోట్ల మూసేస్తారు. మొత్తం 14,800, ఒక పూట పని. సీటు కింద వైర్ల జోలికి వెళ్లనివ్వలేదు. బెల్టు గుర్తుచేసే సెన్సరు, పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కనెక్టరు అక్కడే ఉంటాయి.

ఇక వాడకం. వేసవి గురించి దాచకుండా చెబుతాను. మే నెల మధ్యాహ్నం మూడింటికి కారు తలుపు తీస్తే సీటు మీద చెయ్యి పెట్టలేం. మా చిన్నాడు నిక్కరుతో ఎగిరి కూర్చుని కెవ్వుమన్నాడు, తొడ వెనక సాయంత్రం దాకా ఎర్రగానే ఉంది. అప్పట్నుంచి సీట్ల మీద మంగళగిరి నేత తువ్వాళ్లు పరచకుండా ఎండలో కారు ఆపను. మధ్య భాగంలో సన్నని రంధ్రాలున్న రకం వేయించాను. వాటివల్ల చల్లదనం వస్తుందని ఆశ పడకండి. కింద మళ్లీ ఫోమూ, పాత సీటూ ఉన్నాయి, గాలి ఆడే దారి లేదు. వీపుకి చొక్కా అంటుకోవడం కాస్త తగ్గింది, అంతే. ఎండాకాలం మొదట్లో ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పట్టేది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం వేడికి ఆవిరై అద్దం మీద పేరుకుంటుంది. రాత్రిపూట ఎదురు లైట్లకి కళ్లు చెదిరేవి. కొన్ని నెలలు వారానికోసారి తుడవాల్సి వచ్చింది, ఇప్పుడు దాదాపు లేదు.

ఇదంతా ఎందుకు భరించాలంటే, ఒక సంగతి చెప్పాలి. కిందటేడు అత్తగారింటి నుంచి కొత్తావకాయ జాడీ తెస్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర మూత ఊడింది. ఎర్రటి నూనె వెనక సీటు మీదుగా పారి కుట్టుగాడిలో నిలిచింది. మా ఆవిడ చున్నీతో అద్దేసింది. ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, గుడ్డ పిండి తుడిస్తే రెగ్జిన్ మీద చుక్క మిగల్లేదు, వాసన మూడు రోజుల్లో పోయింది. కుట్టు దారం మాత్రం జానెడు మేర నారింజ రంగుకి తిరిగి అలాగే ఉండిపోయింది. ముదురు గోధుమరంగు సీటుకి తెల్లదారం అందంగా ఉంటుందని పట్టుబట్టింది నేనే. మీరు దారం సీటు రంగులోనే వేయించండి. లేతరంగు సీట్లూ వద్దు. మా తోడల్లుడి కారులో లేత క్రీమ్ సీట్లకి జీన్స్ నీలం ఎక్కి ఏం చేసినా దిగడం లేదు.

శుభ్రానికి ఆ షాంపూ నీళ్లు తప్ప నేనేమీ వాడను. మెరిసే పాలిష్ ఒకసారి కొట్టిస్తే సీటు మీద మనిషి జారిపోతున్నాడు, దుమ్ము రెట్టింపు పట్టింది. ఆర్ట్ లెదర్‌కి లెదర్ కండిషనర్ పెట్టి ప్రయోజనం లేదు, ప్లాస్టిక్ పీల్చుకోదు.

ఈమధ్య మా చెల్లెలు కారు బుక్ చేస్తూ ఫోన్ చేసింది. దాని వేరియంట్‌లో గాలి వచ్చే వెంటిలేటెడ్ సీట్లున్నాయి. "అమ్మా తల్లీ, దాని మీద ఏ కవరూ వేయించకు, ఆ గాలి నీ దాకా రాదు" అని చెప్పాను. బట్ట సీట్ల వేరియంట్ తీసుకుని, చిన్నపిల్లలు లేని ఇల్లయితే కవర్లు లేకుండా ఉంచుకోమనే అంటాను. మన ఎండలకి బట్ట కంటే హాయైన సీటు లేదు.

పోయిన నెల డ్రైవర్ సీటు కుషన్ కుడి అంచున రెండంగుళాల మేర కుట్టు విడిపోయింది. రెగ్జిన్‌కి ఏమీ కాలేదు, దారమే అరిగింది. ఆటోనగర్ వెళ్తే మాస్టారు అటక మీంచి ఒక అట్టల కట్ట దించాడు. నా కారు మోడల్ పేరు, సంవత్సరం రాసి, ప్రతి ముక్కకీ కత్తిరించిన అచ్చులు దాచి ఉంచాడు. ఆ ఒక్క పట్టీ కొత్తది కోసి, ఈసారి గోధుమరంగు దారంతో కుట్టాడు. 450 తీసుకున్నాడు.