గీత పోయి మసక మిగిలింది: గ్లేజా, చేతి పాలిషా, యంత్రమా?

కారు పెయింటు మీది గీతను కాంపౌండుతో, అంటే పొరను అరగదీసే గరుకు పేస్టుతో, రుద్దితే పోతుంది. కారును ఎండలోకి తెచ్చి చూస్తే మాత్రం ఆ చోట పొగ పట్టినట్టు మసక కనిపిస్తుంది. తెలుపు, వెండి రంగు కార్లలో వెతికితే తప్ప దొరకదు గానీ నల్ల కారులో దాచడం ఎవరి తరమూ కాదు. గరుకు కాంపౌండు, ఉన్ని ప్యాడు కలిసి క్లియర్ కోటు (రంగు మీది పారదర్శక పొర) మీద మిగిల్చిన సన్న గీతల గుంపే ఈ మసక. దాన్ని తీయాలంటే ఆ పొరను మరికొంచెం, ఇంకా సన్నగా అరగదీయాలి. లేదా కప్పిపెట్టాలి.

కప్పిపెట్టే పని గ్లేజుది. అందులోని నూనెలు, పూరకాలు గీతల్లోకి దిగి వెలుతురు చెదరకుండా చేస్తాయి. పది నిమిషాల్లో బానెట్ అద్దంలా మారుతుంది. షాంపూతో కొన్నిసార్లు కడిగేసరికి మసక మళ్లీ తేలుతుంది. అమ్మకానికి పెట్టిన కార్లకు ఈ పూత ఎందుకంత ఇష్టమో వేరే చెప్పాలా? అయితే ఒక సందర్భంలో నేనూ దీన్నే ఎంచుకుంటాను. చాలా కార్లలో క్లియర్ కోటు కొత్తలోనే 40-50 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది, తల వెంట్రుక మందం కూడా కాదు. పాత కారుకు ఇప్పటికే పలుమార్లు పాలిష్ పడి ఉంటే, ఇంకా అరగదీయడం కన్నా గ్లేజే క్షేమం.

చేతి పాలిష్‌ను తేలిగ్గా తీసిపారేయనవసరం లేదు. డోరు హ్యాండిల్ వెనుక గోళ్ల గీతలు పడే గుంటలో, అద్దాల మొదట్లో, బంపరు మలుపుల్లో యంత్రం పట్టదు. మెత్తటి ఫోమ్ అప్లికేటరు, సన్నరకం ఫినిషింగ్ పాలిష్ ఉంటే అరచేయంత మసకను ఓపికగా తీయవచ్చు. బనియన్ గుడ్డతో మాత్రం వద్దు, అదే కొత్త గీతలు పెడుతుంది. పైగా వేళ్ల ఒత్తిడి అంతటా ఒకేలా పడదు కాబట్టి బానెట్ మొత్తం చేతితో చేస్తే అక్కడక్కడా మచ్చలు మిగులుతాయి.

ఇక యంత్రాలు. వర్క్‌షాపుల్లో తరచుగా కనిపించే రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. వేగంగా అరగదీస్తుంది, అంతే వేగంగా వేడెక్కిస్తుంది, అంచుల్లో రంగు దాకా తినేస్తుంది. చేయి తిరిగినవాడు తక్కువ వేగంతో దాని మీదే మెరుపు తెస్తాడు, కాదనను. తక్కినవారి చేతిలో మసక పోయి, దాని స్థానంలో ఎండలో కదిలే సుడుల జాడలు వస్తాయి. డ్యూయల్ యాక్షన్ యంత్రం తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి గీతలు ఒకే దిశలో పడవు, వేడీ తక్కువ. మసక తీయడానికి నా ఓటు దీనికే. మెత్తటి ఫినిషింగ్ ఫోమ్ ప్యాడు, మెగ్వయర్స్ ఎం205 లేదా త్రీఎం నీలం మూత అల్ట్రాఫినా వంటి పాలిష్, మధ్యస్థ వేగం, ఒక్కో విడతకు రెండడుగుల చదరం సరిపోతాయి. చివరి విడతల్లో చేతి బలం తీసేసి యంత్రం బరువు మాత్రమే పడనివ్వాలి.

మసక పోవడం లేదంటే వెంటనే ఇంకో సీసా కొంటారు. ముందు ప్యాడు మార్చి చూడండి. ఎండిన కాంపౌండుతో బిగుసుకున్న ప్యాడు మీద ఎంత ఖరీదైన పాలిష్ వేసినా దండగే. విజయవాడ మే ఎండలో కాలిన బానెట్ మీద పాలిష్ పనిచేసే లోపే ఎండిపోతుంది, కారును నీడలో చల్లారనివ్వాలి. తిన్నటి సమాంతర గీతలు కనిపిస్తే అవి నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) గుర్తులు, ఫినిషింగ్ పాలిష్‌కు లొంగవు, కాంపౌండు దశకు వెనక్కి వెళ్లాల్సిందే. కొత్తగా పెయింటు వేయించిన ప్యానెల్ కొన్ని వారాలకు మళ్లీ మసకబారితే, లోపలి ద్రావకం ఆవిరై పొర కుంగిందనుకోవచ్చు. అది పూర్తిగా ఆరాకే చేయి వేయాలి.

పని బయట చేయిస్తుంటే వ్యాక్స్ పూయకముందే కారును చూపించమనండి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఆ చోటు తుడిపించి, టార్చి వేసి చూడండి. నూనెలు పోయాక కూడా మెరుపు నిలిస్తే డబ్బు ఇచ్చేయవచ్చు. మసక తేలితే వారు చేసింది గ్లేజు పనే.